లాక్ తీసినా డొమైన్ కదలట్లేదేం?

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం, పాతూరులో ధర్మవరం చీరల షాపు. మా డాట్ కామ్ డొమైన్‌ని వెబ్‌సైట్ చేసిచ్చిన అబ్బాయి తన పేరు మీద కొన్నాడంట. పోయిన వారం అతన్ని పట్టుకుని మా పేరు, మా మెయిల్ ఎక్కించుకున్నాం. ఇంకో కంపెనీలో రెన్యువల్ రేటు తక్కువుందని అటు మారుద్దామంటే, లాక్ తీసినా ట్రాన్స్‌ఫర్ కుదరదంటోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ అబ్బాయిని తిట్టుకోవద్దు, ఇది అతని పని కాదు. మీరు తీసింది ఒక లాకే, రెండోది వేరే ఉంది. ఓనర్ పేరు గానీ మెయిల్ గానీ మారిస్తే 60 రోజులు డొమైన్‌ని వేరే కంపెనీకి కదలనివ్వరు, దొంగలెవరైనా అకౌంట్‌లో దూరి పేరు మార్చుకుని అటే ఎత్తుకుపోకుండా ఐకాన్ (ICANN, డొమైన్ల రూల్స్ చూసే అంతర్జాతీయ సంస్థ) పెట్టిన రూల్ అది. కొన్ని కంపెనీలు ఈ లాక్ వద్దని టిక్ పెట్టుకోనిస్తాయి గానీ అది పేరు మార్చకముందే పెట్టాల, ఇప్పుడు చేసేదేం లేదు, ఆగాల్సిందే. నన్నడిగితే డొమైన్ మీ పేరు మీదికి రావడమే పెద్ద పని, రెన్యువల్‌లో మిగిలే నాలుగు రూపాయలకి తొందరేముంది?

ఈలోగా lookup.icann.org‌లో మీ డొమైన్ కొట్టి స్టేటస్ చూడండి. 'క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్' అనుంటే లాక్ మీ కంపెనీ వేసింది. క్లయింట్ బదులు 'సర్వర్' అనుంటే మాత్రం అది రిజిస్ట్రీ (డాట్ కామ్ పేర్లన్నిటి లిస్టు నడిపే సంస్థ) పైనుంచి వేసింది, మీ ప్యానెల్లో బటన్ ఎన్నిసార్లు నొక్కినా పోదు, ఎందుకు పడిందో కంపెనీనే అడగాల.

60 రోజులయ్యాక లాక్ తీసి ఆథ్ కోడ్ (డొమైన్ మార్చడానికి పాత కంపెనీ ఇచ్చే పాస్‌వర్డ్) తీసుకోండి. ప్యానెల్లో కనపడకపోతే అడగండి, 5 రోజుల్లో ఇచ్చి తీరాల. ఆ కోడ్ ఇంటి తాళం చెవి లాంటిది, వాట్సాప్ గ్రూపుల్లో పడేయొద్దు. కొత్త కంపెనీలో కోడ్ కొట్టి డబ్బు కట్టాక పాత కంపెనీ నుంచి మెయిల్ వస్తాది, ఒప్పుకుంటే తొందరగా అవుతుంది, పలక్కపోయినా 5 రోజులకి దానంతటదే అయిపోతాది. మిగిలున్న గడువు ఎక్కడికీ పోదు, దాని మీద ఇంకో ఏడాది కలుస్తుంది. ఈ 60 రోజుల్లోనే ఎక్స్‌పైరీ ఉంటే మాత్రం పాత కంపెనీలోనే రెన్యువల్ చేసేయండి, బేరాలు తర్వాత. ఇంకోటి, కొత్త చోటికి పోయాక మళ్లీ 60 రోజులు ఎటూ మార్చలేరు, కాబట్టి ఆఫర్ చూసి ఎగబడకుండా రెండో ఏడాది రేటెంతో చూసుకోండి.

అందరూ మర్చిపోయేది డీఎన్ఎస్, అంటే మీ డొమైన్ కొడితే సైటు, మెయిల్ ఎక్కడికి పోవాలో చెప్పే సెట్టింగులు. మీ నేమ్ సర్వర్లు (ఆ సెట్టింగులుండే కంప్యూటర్లు) పాత కంపెనీవే అయితే డొమైన్ అటు పోగానే ఇక్కడ సైటు, మెయిల్ రెండూ ఆగిపోయే ప్రమాదముంది. డీఎన్ఎస్ పేజీలో ఉన్న రికార్డులన్నీ, ముఖ్యంగా మెయిల్‌కి సంబంధించిన ఎమ్ఎక్స్‌ది, ముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని అవే కొత్త చోట ఎక్కించండి. పెళ్లిళ్ల సీజన్‌లో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు సామీ.