‘ముందు టీ, తర్వాత సెమినార్’: ఆ నోటీసు చదివేదెట్లా?

ప్రశ్న: నమస్తే సార్. మాది దేవరకొండ దగ్గర పల్లె. నేను అంగన్‌వాడీ టీచర్‌ని, మా ఆయన లారీ నడుపుతడు. మా బిడ్డ ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. లెక్కలంటే పానం. ఫస్టియర్‌ల 1ఏ, 1బీ కలిపి 150కి 148 వచ్చినయ్. వాళ్ల లెక్కల సార్ ఏదో గణిత పరిశోధన సంస్థ గురించి చెప్పిండట, అప్పటినుంచి రోజూ ఫోన్‌ల ఆ సంస్థ నోటీసులే చూస్తున్నది. ఇంజనీరింగ్ వద్దు, అసొంటి దగ్గరనే చదువుకుంట అంటున్నది. నాకు కూడా చూపించింది. ‘మూడున్నరకు టీ, నాలుగింటికి సెమినార్’ అని ఉన్నది. టీ గురించి కూడా నోటీసు పెట్టే కాడ ఏం చదువు ఉంటది సార్? మా వాళ్లందరు కంప్యూటర్ సైన్స్‌ల వేయమంటున్నరు. ఆడపిల్లను మద్రాసు, కలకత్తా పంపుడంటే భయమైతున్నది. ఏం జేయాలె?

జవాబు: అక్కా, మీరు అడిగిన టీ దగ్గర్నుంచే మొదలుపెడతాను.

కెమిస్ట్రీ వాళ్లకు ల్యాబ్ ఉంటుంది, డాక్టర్లకు వార్డు ఉంటుంది. లెక్కల మీద పనిచేసేవాళ్లకు కావలసినవి ఒక బోర్డు, మంచి లైబ్రరీ, మాట్లాడడానికి ఇంకో మనిషి. రోజంతా ఎవరి గదిలో వాళ్లు ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చుంటారు. సెమినార్‌కు అరగంట ముందు అందరూ గదులు వదిలి బయటకు వస్తారు. వేరే ఊరి నుంచి వచ్చిన ప్రొఫెసర్, నిన్నగాక మొన్న పీహెచ్‌డీలో చేరిన పిల్ల ఒకే చోట గ్లాసులు పట్టుకుని నిలబడతారు. ‘మీరు రాసిన దాంట్లో ఈ మెట్టు నాకు అర్థం కాలేదు’ అని ఆ పిల్ల అడిగేది అక్కడే. అందుకే టీని కూడా నోటీసులో పెడతారు. మీ అమ్మాయి చూస్తున్నది కాలక్షేపం కాదు. ఆ నోటీసుల్లో ఆ సంస్థ రోజూ ఎట్లా బతుకుతుందో ఉంటుంది. కాలేజీ బ్రోచర్‌లో రంగుల బిల్డింగులు చూసి సీటు తీసుకునేవాళ్ల కంటే మీ బిడ్డ మంచి చోటే చూస్తున్నది. కాకపోతే ఏ నోటీసు దేనికో తెలిసి చూడాలి.

సెమినార్ అంటే ఒక చిన్న విషయం మీద పనిచేసేవాళ్లు తమలో తాము చెప్పుకునేది. దాని పేరు కూడా మనకు అర్థం కాదు, ఇప్పుడు కానక్కర లేదు. కలోక్వియం అంటే వేరే విభాగాల గణితజ్ఞులకు కూడా అర్థమయ్యేట్టు చెప్పే ఉపన్యాసం. పబ్లిక్ లెక్చర్ మాత్రం మీ అమ్మాయిలాంటి వాళ్ల కోసమే. డిసెంబర్ 22 రామానుజన్ పుట్టినరోజు, మన జాతీయ గణిత దినం. మార్చి 14 అంతర్జాతీయ గణిత దినం. జూన్ 29 గణాంక శాస్త్రజ్ఞుడు మహలనోబిస్ పుట్టినరోజు, గణాంక దినం. ఆ తేదీల చుట్టుపక్కల ఇటువంటి ఉపన్యాసాలు ఎక్కువ. ‘థీసిస్ డిఫెన్స్’ అని కనబడితే ఎవరో ఒకరు అయిదారేళ్ల పని ముగించి అందరి ముందు నిలబడి జవాబులు చెబుతున్నారని అర్థం. ఆ పేర్లు రాసిపెట్టుకోమనండి. రెండు మూడేళ్ల తర్వాత వాళ్లు ఎక్కడ పనిచేస్తున్నారో వెతకమనండి. ఈ చదువు చదివితే ఏమవుతారు అన్న మీ ప్రశ్నకు నాకంటే నిజమైన జవాబు ఆ వెతుకులాటలో దొరుకుతుంది.

అన్నిటికంటే విలువైనవి వర్క్‌షాపులు, వేసవి శిబిరాల నోటీసులు. వాటికి చివరి తేదీ ఉంటుంది. నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నప్పుడు మా కాలేజీ ఆఫీసు గోడ మీద వేసవి గణిత శిబిరం పోస్టర్ ఉండేది. దాని ముందు నుంచే రోజూ క్లాసుకు వెళ్లేవాణ్ని. అది ఎవరి కోసమో మాకు ఒక్కరూ చెప్పలేదు. చదివి చూసేసరికి గడువు దాటి తొమ్మిది రోజులైంది. ఆ బాధ ఇప్పటికీ ఉంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. డిగ్రీ, పీజీ పిల్లలకు ఎంటీటీఎస్ అనే వేసవి శిక్షణ 1993 నుంచి నడుస్తోంది. దాన్ని మొదలుపెట్టిన ప్రొఫెసర్ కుమరేశన్ తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కూడా పాఠాలు చెప్పారు. మీ బిడ్డ డిగ్రీలో ఎక్కడ చేరినా సరే, నల్లగొండ ఎన్జీ కాలేజీలో చేరినా సరే, ఆ శిబిరానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయం. 150కి 148 చాలా మంచి మార్కులు. కానీ ఆ మార్కులు చూసి ఈ దారి పట్టమని నేను చెప్పను. ఇంటర్‌లో మనం అడిగేది తెలిసిన పద్ధతిని తప్పు లేకుండా, త్వరగా చేయగలవా అని. ఆ సంస్థల్లో అడిగేది వేరు. ఒక లెక్క చెబుతాను, మీ అంగన్‌వాడీలో చింతపిక్కలతో చేసి చూడవచ్చు.

ఏవైనా అయిదు సంఖ్యలు తీసుకోండి. 4, 7, 11, 15, 20 అనుకుందాం. వాటిలో ఏవో మూడింటిని కూడితే మూడుతో నిశ్శేషంగా పోవాలి. 4, 11, 15 కూడితే 30, సరిపోయింది. వేరే అయిదు తీసుకోండి, అక్కడా ఏదో ఒక మూడు దొరుకుతాయి. ఎప్పుడూ దొరుకుతాయా? ఎందుకు?

ప్రతి సంఖ్యకు అన్ని చింతపిక్కలు పోసి, మూడేసి చొప్పున పక్కకు తీయండి. చివరికి మిగిలేది సున్నా, ఒకటి లేదా రెండు. అంటే ఏ సంఖ్య అయినా ఈ మూడు గిన్నెల్లో ఒకదాంట్లో పడాల్సిందే. మూడు గిన్నెల్లోనూ ఏదో ఒక సంఖ్య పడితే, ఒక్కో గిన్నె నుంచి ఒకటి తీసుకోండి. మిగులు సున్నా, ఒకటి, రెండు కలిపి మూడు, అది కూడా పోతుంది. ఏదైనా గిన్నె ఖాళీగా ఉంటే అయిదు సంఖ్యలూ మిగతా రెండు గిన్నెల్లోనే సర్దుకోవాలి, కాబట్టి ఒక గిన్నెలో కనీసం మూడు ఉంటాయి. ఆ మూడింటికీ మిగులు ఒకటే. ఒకే మిగులును మూడు సార్లు కూడితే మూడుతో పోక తప్పదు. అయిపోయింది. కోట్ల సంఖ్యలకు కూడా ఇదే జవాబు, ఒక్కదాన్ని కూడా లెక్కపెట్టి చూడనక్కర లేదు.

ఇక్కడితో ఆగని పిల్ల కావాలి వాళ్లకు. నాలుగు సంఖ్యల మొత్తం నాలుగుతో పోవాలంటే మొదట ఎన్ని సంఖ్యలు తీసుకోవాలి? ఏడు. పదికి? పందొమ్మిది. ఏ సంఖ్యకైనా దాని రెట్టింపులో ఒకటి తక్కువ చాలునని 1961లో ఎర్డోష్, గింజ్‌బర్గ్, జివ్ అనే ముగ్గురు నిరూపించారు. అక్కడి నుంచి పుట్టిన ప్రశ్నల మీద ఈనాటికీ పరిశోధన సాగుతోంది, ప్రయాగ్‌రాజ్‌లోని హరీశ్‌చంద్ర పరిశోధన సంస్థలో పనిచేసినవాళ్లూ అందులో ఉన్నారు. మీ అమ్మాయికి నేను చెప్పిన జవాబు చూపించకుండా ప్రశ్న మాత్రమే ఇవ్వండి. ఎంత సేపట్లో చేసిందన్నది నాకు ముఖ్యం కాదు. రాకపోతే ఏం చేసిందో చూడండి. అన్నం తినేటప్పుడు కూడా దాన్నే తలుచుకుంటున్నదా, పక్కన పడేసి వేరే చాప్టర్ తీసిందా? వారం రోజులు రాకపోయినా విడిచిపెట్టకపోతే ఆమెకు ఈ చదువు సరిపోతుంది.

ఎక్కడెక్కడ చేరవచ్చు అంటే, పేరు విన్న ప్రతి సంస్థ ఇంటర్ అయిన పిల్లలను తీసుకోదు. చెన్నై తరమణిలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటికల్ సైన్సెస్, 1962లో అల్లాడి రామకృష్ణన్ స్థాపించినది, డిగ్రీ అయ్యాక వెళ్లే చోటు. ముంబైలోని టాటా పరిశోధన సంస్థ (టీఐఎఫ్‌ఆర్) గణిత విభాగం కూడా అంతే. ఇంటర్ కాగానే గణితం కోసమే తీసుకునేవి ముఖ్యంగా రెండు. ఒకటి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, కలకత్తాలో బీ.స్టాట్, బెంగళూరులో బీ.మ్యాథ్. రెండోది చెన్నై శివార్లలో సిరుసేరిలో ఉన్న చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్. రెండిటికీ సొంత ప్రవేశ పరీక్షలున్నాయి, మామూలుగా మే నెలలో జరుగుతాయి. గుర్తు పెట్టే ప్రశ్నలతో పాటు, పైన చింతపిక్కల లెక్కలాగా పూర్తిగా రాసి నిరూపించే ప్రశ్నలుంటాయి. పాత పేపర్లు వాళ్లే ఉచితంగా పెడతారు. దరఖాస్తు గడువు మాత్రం మన ఇంటర్ ప్రాక్టికల్స్, పరీక్షల హడావిడిలోనే వచ్చి పోతుంది. మన జిల్లా పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. జనవరి నుంచి వారానికి ఒకసారి నోటీసులు చూసే పని మీరే పెట్టుకోండి అక్కా, పిల్ల మీద వదలకండి. వీటితో పాటు సెంట్రల్ యూనివర్సిటీ అయిదేళ్ల ఎమ్మెస్సీ, తిరుపతి ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా, పరిశోధన సంస్థ) కూడా చూడండి.

ఎప్‌సెట్ (పాత ఎంసెట్) మానొద్దు, అందరిలాగే రాయనివ్వండి. ఒక పరీక్ష రాస్తే ఇంకోటి రాయకూడదని ఎక్కడా లేదు.

డబ్బు సంగతి దాచకుండా చెబుతాను. స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ కోర్సులకు ట్యూషన్ ఫీజు లేదు, పైగా నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. చెన్నై సంస్థలో ఫీజు ఉంది, బాగా చదివేవాళ్లకు మాఫీలూ ఉన్నాయి. ఎమ్మెస్సీ తర్వాత జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్, వస్తే 2023 జనవరి నుంచి పెంచిన లెక్క ప్రకారం నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం వేరు. అంటే పీహెచ్‌డీ చేసేటప్పుడు తల్లిదండ్రుల మీద భారం ఉండదు. కానీ స్థిరమైన ఉద్యోగం వచ్చేసరికి ముప్పై దాటవచ్చు. పరిశోధన పోస్టులు తక్కువ. మీ ఊళ్లో కంప్యూటర్ సైన్స్ చదివిన పిల్ల ఇరవై రెండేళ్లకే జీతం తెచ్చిస్తుంటే, మీ బిడ్డ ఇంకా పుస్తకాలే పట్టుకుని ఉంటుంది. ఆ ఏళ్లలో చుట్టాలు అనే మాటలు మీరు కాచుకోవాలి. పరిశోధన వద్దనుకుంటే దారులు లేకపోలేదు. గణాంకాలు చదివినవాళ్లను బ్యాంకులు, బీమా కంపెనీలు, డేటా కంపెనీలు పిలిచి తీసుకుంటాయి. పీజీ చేసినవాళ్లు జూనియర్ లెక్చరర్ పరీక్ష రాయవచ్చు, నెట్ గానీ సెట్ గానీ (లెక్చరర్ అర్హత పరీక్షలు) పాసై ఉంటే డిగ్రీ కాలేజీకీ పోవచ్చు. మన జిల్లా జూనియర్ కాలేజీలకు ఇట్లా చదివి వచ్చిన లెక్కల టీచర్ ఎంత అవసరమో నాకు తెలుసు.

ఇక ఆడపిల్ల, దూరం. మీ భయాన్ని నేను తక్కువ చేయను. 2010 ఆగస్టు 19 నుంచి 27 దాకా ప్రపంచ గణితజ్ఞుల మహాసభ మన హైదరాబాద్‌లోనే జరిగింది, భారతదేశంలో అదే మొదటిసారి. అక్కడ ప్రధాన ఉపన్యాసం ఇచ్చినవారిలో రామన్ పరిమళ ఉన్నారు, చెన్నైలో చదివి టాటా సంస్థలో ఎదిగిన మహిళ. కలకత్తా స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లోని నీనా గుప్తాకు 2019లో భట్నాగర్ బహుమతి, 2021లో రామానుజన్ బహుమతి వచ్చాయి. ఆమె డిగ్రీ చదివింది బెథూన్ కాలేజీలో, ఆ తర్వాతే ఆ సంస్థలో చేరారు. ఇది మీకు ఎందుకు చెబుతున్నానంటే, ఇంటర్ కాగానే పంపడానికి మీ మనసు ఒప్పకపోతే మూడేళ్లు ఇక్కడే, నల్లగొండలోనో హైదరాబాద్‌లోనో డిగ్రీ చదివించి ఆ తర్వాత పంపినా దారి మూసుకుపోదు. ఎమ్మెస్సీకి జామ్ అనే ప్రవేశ పరీక్ష ఉంది, ఆ సంస్థల సొంత పరీక్షలున్నాయి. అయితే ఆ మూడేళ్లూ పరీక్షల ముందు గైడ్ చదివే డిగ్రీగా పోకూడదు. వేసవి శిబిరాలు, ఆ నోటీసులు అప్పుడే ఎక్కువ పనికొస్తాయి.

నిర్ణయానికి ముందు ఒక పని చేయండి. హైదరాబాద్‌లో ఏదో ఒక పబ్లిక్ లెక్చర్‌కు తల్లీబిడ్డ కలిసి వెళ్లిరండి. సెంట్రల్ యూనివర్సిటీ గణిత విభాగం నోటీసులు చూడండి. ఆ క్యాంపస్‌లోనే గణాంక శాస్త్రజ్ఞుడు సి.ఆర్. రావు పేరు మీద గణిత, గణాంక సంస్థ ఉంది. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన ఆ మనిషి సైన్యం సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. దిగిన హోటల్లో పరిచయమైన ఒకతను స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి చెబితే వెళ్లి చూసి, 1941లో అక్కడే చేరిపోయారు. 2023లో, నూట రెండేళ్ల వయసులో అంతర్జాతీయ గణాంక బహుమతి ఆయనకు వచ్చింది. హబ్సిగూడలో స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ కేంద్రం కూడా ఉంది. నోటీసు కింద ఉన్న మెయిల్‌కు ‘ఇంటర్ చదువుతున్నాను, వినడానికి రావచ్చా’ అని మీ అమ్మాయినే రెండు ముక్కలు రాయమనండి. ఆధార్ కార్డులు పెట్టుకుంటే ఎక్స్‌ప్రెస్ బస్సులో ఇద్దరికీ జీరో టికెట్టే. వెనక బెంచీలో కూర్చోండి. మీకు ఉపన్యాసం అర్థం కాకపోయినా ఫరవాలేదు, మీరు చూడాల్సింది మీ బిడ్డ మొహం. అక్కడున్న అమ్మాయిలతో మాట్లాడండి. ఏ ఊరు, హాస్టల్ ఎట్లా ఉంది, ఇంటికి ఎన్నాళ్లకు వెళ్తారు, అన్నీ అడగండి. ఏమీ అనుకోరు.

ఈలోపు చింతపిక్కల ప్రశ్న ఆమెకు ఇవ్వండి. అయిదు సంఖ్యలది చేయగలిగితే, నాలుగుకు ఆరు సంఖ్యలు ఎందుకు చాలవో కూడా రాయమనండి. కొట్టివేతలు ఉన్నా సరే, ఆమె రాసిన కాగితం ఉన్నదున్నట్టు ఫొటో తీసి నాకు పంపండి. అది చూశాక మే నెలలో ఏ పరీక్షలు రాయాలో కూర్చుని మాట్లాడుకుందాం.