ఇంటర్ చదువుతో రియల్ ఎస్టేట్ ఏజెంట్ కావచ్చా?

ప్రశ్న: నేను ఇంటర్ వరకే చదివాను. ఒక వెంచర్‌లో ప్లాట్లు అమ్మిపెడితే కమీషన్ ఇస్తామని ఓ మార్కెటింగ్ కంపెనీ పిలిచింది. ‘మాకు రెరా నంబరు ఉంది, మీకు వేరే అక్కర్లేదు’ అంటున్నారు. మరోవైపు, కోర్సు చేస్తేనే లైసెన్స్ వస్తుందని ఒక శిక్షణ సంస్థ ఫీజు అడుగుతోంది. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: చదువు గురించి దిగులు పడకండి. మనం రెరా అని పిలుచుకునే 2016 నాటి స్థిరాస్తి చట్టం ఏజెంట్‌కు డిగ్రీ ఉండాలని ఎక్కడా చెప్పలేదు. అది అడిగేది రిజిస్ట్రేషన్. దాన్ని రాష్ట్ర రెరా అథారిటీ ఇవ్వాలే తప్ప ఏ శిక్షణ సంస్థా ఇవ్వలేదు. అయితే మహారాష్ట్ర 2023లో ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష, సర్టిఫికెట్ తప్పనిసరి చేసింది. అందుకని ఫీజు కట్టేముందు మీ రాష్ట్ర అథారిటీ వెబ్‌సైట్‌లో ఏజెంట్ దరఖాస్తుకు ఏమేం అడుగుతున్నారో చూడండి. అందులో కోర్సు ఊసే లేకపోతే, అది చేసినందువల్ల విషయం తెలుస్తుందేమో గానీ లైసెన్స్ రాదు.

నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది కంపెనీ చెప్పిన మాట. చట్టం దృష్టిలో ఏజెంట్ అంటే బోర్డు పెట్టుకున్నవాడే కాదు. కొనేవారినీ అమ్మేవారినీ కలిపి, అందుకు కమీషన్ తీసుకునే ఎవరైనా ఏజెంటే. మీరు వాట్సాప్ స్టేటస్‌లో బ్రోచర్ పెట్టి, అడిగినవాళ్లను సైట్‌కు తీసుకెళ్లి, బేరం కుదిరాక ప్లాటుకు ఇంత అని తీసుకుంటే ఆ నిర్వచనంలోకి వచ్చేస్తారు. మిమ్మల్ని ‘అసోసియేట్’ అన్నా, ‘ఫ్రీలాన్సర్’ అన్నా తేడా లేదు. జీతం మీద ఉద్యోగిగా చేరి కంపెనీ తరఫున పనిచేయడం వేరు. కమీషన్ మీద సొంతంగా తిరిగేవారు తమ పేరిట రిజిస్టర్ చేసుకోవడమే క్షేమమని నా అభిప్రాయం.

రిజిస్ట్రేషన్ లేకుండా రెరా ప్రాజెక్టులో అమ్మకం జరిపిస్తే సెక్షన్ 62 కింద రోజుకు 10,000 రూపాయల జరిమానా. అది పెరుగుతూ ఆస్తి విలువలో 5 శాతం దాకా వెళ్లవచ్చు. 30 లక్షల ప్లాటైతే లక్షన్నర. అంటే 15 రోజుల్లోనే గరిష్ఠానికి చేరుతుంది. చాలామందికి ఒక్క ప్లాటు మీద అంత కమీషన్ కూడా మిగలదు!

ఇంకొకటి, ఇది మరీ ముఖ్యం. మీ దగ్గర నంబరున్నా సరే, ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ అవసరమై, అది లేకపోతే అందులో ప్లాట్లు అమ్మిపెట్టకూడదు. ‘ప్రీలాంచ్ ఆఫర్, రేటు రేపు పెరుగుతుంది’ అని తొందరపెట్టేది ఇలాంటి వెంచర్లలోనే. బ్రోచర్ మీద ఉన్న ప్రాజెక్టు నంబరును వెబ్‌సైట్‌లో కొట్టి, ప్రమోటర్ పేరు, సర్వే నంబర్లు సరిపోతున్నాయో లేదో మీరే చూసుకోండి. రేపు గొడవైతే మొదటి ఫోన్ మీకే వస్తుంది, ఎందుకంటే కొన్నవాళ్లకు తెలిసిన ముఖం మీదే. లేని సౌకర్యాలు ఉన్నాయని చెప్పడం కూడా సెక్షన్ 10 ప్రకారం తప్పే. బుకింగ్ సమయంలో కాగితాలన్నీ కొనుగోలుదారుకు అందేలా చూసే బాధ్యతా మీదే.

అద్దె ఇళ్లు మాత్రమే చూపించేవారికి ఈ రిజిస్ట్రేషన్ వర్తించదు. చట్టం ప్రాజెక్టుల్లో అమ్మకాల గురించే మాట్లాడుతుంది.

దరఖాస్తు కష్టమేమీ కాదు. పాన్ కార్డు, ఫోటో, చిరునామా రుజువు, గత మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు సాధారణంగా అడుగుతారు. మీ ఆదాయం రిటర్ను వేయాల్సినంత లేకపోతే ఆ మేరకు డిక్లరేషన్ ఇవ్వవచ్చు. ఫీజు, గడువు రాష్ట్ర నిబంధనలను బట్టి ఉంటాయి. ఒకసారి వచ్చిన రిజిస్ట్రేషన్ ఆ రాష్ట్రమంతటా చెల్లుతుంది, పక్క రాష్ట్రంలో అమ్మాలంటే మాత్రం అక్కడ మళ్లీ చేయించుకోవాలి. మీరు కుదిర్చే ప్రతి అమ్మకంలోనూ ఆ నంబరు రాయాలి.

కంపెనీతో నోటిమాట మీద పని మొదలుపెట్టకండి. వేరే ఒప్పందం లేకపోతే పని పూర్తయ్యాకే ఏజెంట్‌కు ప్రతిఫలం దక్కుతుందని 1872 నాటి కాంట్రాక్టు చట్టం, సెక్షన్ 219 చెబుతోంది. ‘పూర్తి’ అంటే అడ్వాన్స్ కట్టిన రోజా, సేల్ డీడ్ రిజిస్టరైన రోజా అన్న దగ్గరే ఎక్కువ తగాదాలు వస్తాయి. కమీషన్ శాతంతోపాటు ఆ సంగతి కూడా స్పష్టంగా రాయించుకుని, సంతకాలైన కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.