వాయువుపై జరిగిన పని: లెక్కలో ఏ పీడనాన్ని తీసుకోవాలి?

ప్రశ్న: నేను డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నాను. ఒక మోల్ ఆదర్శ వాయువును 300 కెల్విన్ల వద్ద, ఒక అట్మాస్ఫియర్ పీడనం నుంచి రెండు అట్మాస్ఫియర్ల పీడనానికి, అంటే సగం ఘనపరిమాణానికి సంపీడనం చేస్తే జరిగే పని ఎంత అన్న లెక్కకు మా తరగతిలో 1,729 జౌళ్లు అని కొందరికి, 2,494 జౌళ్లు అని కొందరికి వచ్చింది. పైగా భౌతికశాస్త్రం నోట్సులో ఈ పనికి రుణ గుర్తు, రసాయనశాస్త్రం నోట్సులో ధన గుర్తు ఉన్నాయి. వాయువు పీడనాన్ని తీసుకోవాలా, బయటి పీడనాన్నా?
— ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: రెండు జవాబులూ సరైనవే. సంపీడనం ఏ విధంగా జరిగిందో లెక్కలో చెప్పకపోవడం వల్లనే ఈ చిక్కు వచ్చింది. పని అనేది తొలి, తుది స్థితులను బట్టి మాత్రమే తేలేది కాదు. వాయువు ఒక స్థితి నుంచి మరొక స్థితికి ఏ మార్గంలో చేరిందన్నదాన్ని బట్టి అది మారుతుంది.

పిస్టన్‌ను లోపలికి నెట్టేది బయటి బలం కనుక, తీసుకోవలసినది ఎప్పుడూ బాహ్య పీడనమే. పిస్టన్ మీద ఒక్కసారిగా రెండు అట్మాస్ఫియర్ల పీడనం పెట్టామనుకోండి. ఘనపరిమాణం సుమారు 24.6 లీటర్ల నుంచి 12.3 లీటర్లకు తగ్గుతుంది, రెండును 12.3తో గుణిస్తే 24.6 లీటర్-అట్మాస్ఫియర్లు, అంటే దాదాపు 2,494 జౌళ్లు. పిస్టన్ వేగంగా కదిలే ఆ కొద్ది సేపట్లో వాయువంతటికీ ఒకే పీడనం ఉండదు కాబట్టి, వాయువు పీడనంతో లెక్క వేయాలన్నా వేయలేము.

ఇప్పుడు అదే పనిని రెండు మెట్లుగా, ముందు 1.5, తరువాత 2 అట్మాస్ఫియర్లు పెట్టి చేయండి: 2,078 జౌళ్లు సరిపోతాయి. మెట్లు పెంచుతూ, ప్రతిసారీ రవ్వంత బరువు మాత్రమే చేరుస్తూ పోతే బాహ్య పీడనం, వాయువు పీడనం అడుగడుగునా సమానంగా నిలుస్తాయి. అదే ఉత్క్రమణీయ ప్రక్రియ. అప్పుడు మాత్రమే వాయుస్థిరాంకం 8.314ను 300తోను, రెండు యొక్క సహజ సంవర్గమానం 0.693తోను గుణించి 1,729 జౌళ్లు అనవచ్చు. ఈ ఉష్ణోగ్రత వద్ద ఆ సంపీడనానికి ఇంతకంటే తక్కువ పని చాలదు. ఆదర్శ వాయువు తొలి, తుది ఉష్ణోగ్రతలు ఒక్కటే కాబట్టి అంతర్గత శక్తి మారదు. చేసిన పని ఎంతైతే అంత ఉష్ణం బయటికి పోతుంది. తొందరపడి నెట్టినందుకు అదనంగా పెట్టిన 765 జౌళ్లూ ఆ ఉష్ణంలోనే కలిసిపోతాయి.

గుర్తుల సంగతి తేలికైనదే. భౌతికశాస్త్రం వాయువు చేసిన పనిని లెక్కిస్తుంది, రసాయనశాస్త్రం వాయువుపై జరిగిన పనిని లెక్కిస్తుంది. పరీక్షలో ఏ సంప్రదాయం పాటిస్తున్నారో మొదటి వాక్యంలోనే రాయండి. ఒకే లెక్కలో రెండింటినీ కలపకండి.

సమోష్ణోగ్రత అన్న షరతును కూడా తేలికగా తీసుకోకండి. కాజీపేట రోడ్డు పక్కన టైర్లకు గాలి నింపే కంప్రెసర్‌ను చూడండి: సిలిండర్ చుట్టూ ఉన్న లోహపు రెక్కలు వేడిని బయటికి పంపడానికే. అక్కడ సంపీడనం ఎంత వేగంగా జరుగుతుందంటే, ఉష్ణం పూర్తిగా బయటికి పోయే వ్యవధి ఉండదు. ఉష్ణం అసలే పోదనుకుని, ఉత్క్రమణీయంగా ఒక మోల్ గాలిని సగానికి కుదిస్తే ఉష్ణోగ్రత 300 నుంచి 396 కెల్విన్లకు చేరుతుంది, జరిగిన పని సుమారు 1,992 జౌళ్లు అవుతుంది. తుది పీడనం కూడా రెండు కాదు, దాదాపు 2.64 అట్మాస్ఫియర్లు.