మాస్టారుగారితో: ఎర్రనీళ్ళూ, చిక్కం కట్టిన పొడీ

ప్రశ్న: మాస్టారూ, మాది చీరాల పక్కన ఊరు. మా నాన్న నూలు చిలపలకు రంగులద్దుతారు. ఎరుపు అద్దిన రోజు పెరట్లోంచి కాలవదాకా నీళ్ళు ఎర్రగానే పారతాయి. టైటానియం డయాక్సైడ్ నానోపొడి కలిపి ఎండలో పెడితే రంగు విరిగిపోతుందని క్లాసులో చెప్పారు. పెయింట్ల షాపులో అరకిలో తెచ్చి, రంగు అద్దిన బానలోంచి ఒక బకెట్టు నీళ్ళు తీసి, వాటిలో రెండు గుప్పెళ్ళు కలిపి మూడు రోజులు డాబా మీద పెట్టాను. రోజ్‌మిల్క్‌లా తయారైంది తప్ప తేటపడలేదు. నాన్న ఒకటే నవ్వు. తప్పెక్కడ జరిగింది?
– బీఎస్సీ రెండో ఏడు విద్యార్థి

జవాబు: తప్పు షాపులోనే మొదలైంది నాయనా. నువ్వు తెచ్చింది టైటానియం డయాక్సైడే, కాదనను. కానీ పెయింటు కోసం తయారుచేసే పొడికి మామూలుగా సిలికా, అల్యూమినా పూత వేస్తారు. పూర్వం తెల్లపెయింటు వేసిన గోడ నాలుగు వేసవులు గడిచాక చెయ్యి ఆనిస్తే సుద్దలా అంటుకునేది. ఎండ తగిలిన ఆ పొడి తనను పట్టి ఉంచిన బంకనే తినేసేది మరి. నీకు కావలసిన గుణం సరిగ్గా అదే, పెయింటువాళ్ళకు అక్కర్లేనిదీ అదే. వాళ్ళు ఎద్దు మూతికి చిక్కం కట్టి అమ్మారు, నువ్వు మేస్తుందని చేలోకి తోలావు.

చిక్కం లేని పొడి సంగతి వేరు. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే పి-25 రకంలో రేణువు సుమారు 20 నానోమీటర్లు. ఒక్క గ్రాము పొడి ఉపరితలాన్నంతా పరిస్తే 50 చదరపు మీటర్లు, అంటే 60 గజాల స్థలం! దానిమీద అతినీలలోహిత కాంతి పడితే స్ఫటికంలో ఎలక్ట్రాన్ ఎగిరిపోయి, దాని చోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ నీటినుంచి హైడ్రాక్సిల్ రాడికల్ అనే మహా చురుకైన కణాన్ని పుట్టిస్తుంది. రంగు అణువును ముక్కలు చేసేది ప్రధానంగా అదే. ఎగిరిన ఎలక్ట్రాన్‌ను నీటిలో కరిగిన ఆక్సిజన్ పట్టుకోకపోతే తిరిగొచ్చి ఖాళీలోనే పడుతుంది, పని వృథా. 1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా కాంతితో నీటినే విడగొట్టి చూపింది ఈ పదార్థంతోనే.

ఇక మీ బాన నీళ్ళు. క్లాసులో చెప్పే ప్రయోగాలు డిస్టిల్డ్ వాటర్లో చిటికెడు రంగుతో చేసినవి. మీ నాన్నగారు వాడేవి నూలుతో రసాయనికంగా అతుక్కునే రియాక్టివ్ రంగులైతే లీటరుకు 50 గ్రాముల ఉప్పు, పైగా సోడా యాష్ మామూలే. రంగును కొట్టాల్సిన రాడికల్స్‌ను ఉప్పులోని క్లోరైడూ, సోడాలోని కార్బొనేటూ దారిలోనే కాజేస్తాయి. అంతేకాదు, సోడా వల్ల నీళ్ళలో క్షారం ఎక్కువై పొడి రుణావేశం పుంజుకుంటుంది. రంగుదీ రుణావేశమే. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఆపైన బకెట్టు లోతు! చిక్కటి ఎర్రనీళ్ళలో, అందులోనూ పొడి కలిసి పాలలా మారాక, ఎండ పైపొర దాటి దిగదు. లీటరుకు గ్రాము చాలు నాయనా, గుప్పెళ్ళు కాదు.

మళ్ళీ చెయ్యి. బాన నీళ్ళు వద్దు, ఆఖరి జాడింపు నీళ్ళు తీసుకో. కొంచెం వెనిగర్ పోసి క్షారం తగ్గించు. స్టీలు పళ్ళెంలో రెండు వేళ్ళ లోతు పోసి, మీ కాలేజీ లాబ్‌లో అనటేజ్ పొడి (పూత లేని టైటానియం డయాక్సైడ్ రకం) అడిగి కలిపి, అరగంటకోసారి తిప్పు. ఇంకో పళ్ళెం అలాగే కలిపి చీకట్లో పెట్టు. ఇది మరిచిపోకు. నేను పాఠం చెప్పే రోజుల్లో ఒక కుర్రాడు మిథిలీన్ బ్లూ తేటపడిందని గంతులేస్తూ వచ్చాడు. బీరువాలో పెట్టిన బీకరు తీయించాను. అదీ తేటగానే ఉంది, అడుగున పొడి మాత్రం నీలంగా కూర్చుంది! రంగు విరగలేదు, పొడికి అంటుకుంది. రంగు పోవడం, విషం పోవడం కూడా ఒకటి కాదు. విరిగిన ముక్కలు నీళ్ళలోనే ఉండొచ్చు. నీళ్ళలో ఇంకా ఎంత మలినం మిగిలిందో కొలిచే సీఓడీ పరీక్ష చేయిస్తే తెలుస్తుంది.

మీ కాలవకు ఇది మందా అంటే, ఇవాళ కాదు. ఎండలో ఈ పొడికి పనికొచ్చే అతినీలలోహితం నూటికి ఐదు పాళ్ళకు మించదు. నానోపొడి గుడ్డలో వడకట్టినా ఆగదు, కాలవలోకే పోతుంది. అందుకే దాన్ని గాజు పలకలకు అంటించాలనీ, మామూలు వెలుతురుకు కూడా పనిచేసేలా మార్చాలనీ ఇంకా పాట్లు పడుతున్నారు. 2011లో మద్రాసు హైకోర్టు తిరుపూరు అద్దకం యూనిట్లను మూయించాక అక్కడ నీటిని తిప్పి వాడుకోవడానికి నమ్ముకున్నది ఆర్‌వో పొరలనూ, ఆవిరి యంత్రాలనూ. అంత ఖర్చు మీవల్ల కాదు. బాన నీళ్ళనూ జాడింపు నీళ్ళనూ కలవనివ్వకండి. ఆఖరి జాడింపు నీళ్ళు తర్వాతి చిలపల మొదటి జాడింపుకు పనికొస్తాయేమో నాన్ననే అడుగు, ఆ లెక్క నాకన్నా ఆయనకే బాగా తెలుసు.

ప్రశ్న: అయితే సన్‌స్క్రీన్‌లో ఉన్నదీ ఇదే కదా, మొహానికి రాసుకోవచ్చా మాస్టారూ?
– ఒక గృహిణి

జవాబు: రాసుకోవచ్చమ్మా, వాటిలోనూ చిక్కం కట్టిందే వాడతారు. నేను భయపడేది పొడిగా ఎగిరి ఊపిరితిత్తుల్లోకి పోయేదానికే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న వాటిలో చేర్చింది కూడా. పైన ప్రశ్న పంపిన బీఎస్సీ విద్యార్థి కూడా పొడి తూచేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోవాలి.