మీ ప్రశ్న – మా జవాబు: ‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ ఎందుకు రాదు?

ప్రశ్న: నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఒక సెమినార్‌లో ‘వియ్ డిస్కస్డ్ అబౌట్ ద ప్రాజెక్ట్’ అన్నందుకు మా అధ్యాపకులు ‘అబౌట్’ తీసివేయమన్నారు. కానీ ఒక ఇంగ్లీషు పత్రికలో ‘డిస్కషన్ అబౌట్ ద బడ్జెట్’ అని చదివాను. ఇందులో ఏది ఒప్పు? ప్రిపొజిషన్ల పట్టిక మొత్తం కంఠస్థం చేసినా ఈ తప్పులు ఎందుకు పోవడం లేదు?
– ఒక విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ అధ్యాపకులు చెప్పినదీ ఒప్పే, మీరు పత్రికలో చదివినదీ ఒప్పే. ‘డిస్కస్’ క్రియ, ‘డిస్కషన్’ నామవాచకం కావడమే ఇక్కడి తేడా. ఇంగ్లీషులో సకర్మక క్రియ తన కర్మను నేరుగా తీసుకుంటుంది. అదే అర్థం గల నామవాచకానికి ఆ శక్తి లేదు కనుక మధ్యలో ఒక ప్రిపొజిషన్ తప్పనిసరి అవుతుంది. తెలుగులో ఈ భేదం కనిపించదు. ‘ప్రాజెక్టు గురించి చర్చించాము’ అన్నా, ‘ప్రాజెక్టు గురించిన చర్చ’ అన్నా ‘గురించి’ అలాగే ఉంటుంది. అందువల్ల మనకు తెలియకుండానే ఆ ‘గురించి’ని ‘అబౌట్’గా మార్చి క్రియ పక్కన కూడా పెట్టేస్తాము.

ఈ ఒక్క భేదం పట్టుబడితే మనవాళ్లు చేసే తప్పుల్లో పెద్ద భాగం సర్దుకుంటుంది. ‘ఆన్సర్ ద క్వశ్చన్’ అనాలి, కానీ ‘ద ఆన్సర్ టు ద క్వశ్చన్’ అనాలి. హోటల్లో ‘హీ ఆర్డర్డ్ టూ కాఫీస్’ అంటారు, అదే నామవాచకమైతే ‘యాన్ ఆర్డర్ ఫర్ టూ కాఫీస్’ అవుతుంది. మన సెలవు చీటీల్లో తరచుగా కనిపించే ‘ఐ రిక్వెస్ట్ ఫర్ లీవ్’ అనే వాక్యంలో ‘ఫర్’ అనవసరం; ‘మై రిక్వెస్ట్ ఫర్ లీవ్’ అన్నప్పుడు మాత్రం అది ఉండి తీరాలి. ‘డాక్టరుతో పెళ్లయింది’ అనే మాటలోని ‘తో’ను చూసి ‘షీ మ్యారీడ్ విత్ ఎ డాక్టర్’ అని రాసేవారు చాలామంది ఉన్నారు. ‘షీ మ్యారీడ్ ఎ డాక్టర్’ అంటే చాలు. గదిలోకి వెళ్లడానికి ‘ఎంటర్ ద రూమ్’ సరిపోతుంది, అయితే ఒప్పందం చేసుకోవడానికి మాత్రం ‘ఎంటర్ ఇంటు యాన్ అగ్రిమెంట్’ అనే వాడుక స్థిరపడింది.

దీనికి ఎదురు దిక్కున జరిగే పొరపాట్లు కూడా ఉన్నాయి. మనం పాటను నేరుగానే వింటాము, ఇంగ్లీషులో మాత్రం ‘లిజన్’ తరువాత ‘టు’ లేకపోతే పాట అందదు. ‘నాకు చెప్పండి’, ‘నాకు వివరించండి’ అనే రెండింటిలోనూ మనకు ఒకే ‘కు’ ఉన్నా, ఇంగ్లీషు మొదటిదానికి ‘టెల్ మీ’ అనీ, రెండవదానికి ‘ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ’ అనీ అంటుంది. ‘నా మీద కోపం’ అన్నది ‘యాంగ్రీ విత్ మీ’ అవుతుంది, ‘లెక్కల్లో దిట్ట’ అన్నది ‘గుడ్ ఎట్ మ్యాథ్స్’ అవుతుంది. ‘నా మీద ఆధారపడ్డాడు’ అన్నది మాత్రం ‘డిపెండ్స్ ఆన్ మీ’ అని చక్కగా అతుకుతుంది. ఇలా అప్పుడప్పుడు సరిగ్గా అతకడమే అసలు చిక్కు, ఎందుకంటే ఆ నమ్మకంతోనే మిగిలిన చోట్ల కూడా మాటకు మాట పెట్టుకుంటూ పోతాము.

ఇక పట్టిక సంగతి. ‘ఆన్ అంటే మీద, ఇన్ అంటే లో’ అని వరుసగా అచ్చువేసిన పట్టికల వల్ల, నా దృష్టిలో, మేలు కన్నా కీడే ఎక్కువ. ప్రిపొజిషన్‌ను ఒంటరిగా కాక, దాన్ని కోరుకునే మాటతో కలిపి ‘ఇంట్రెస్టెడ్ ఇన్’, ‘అఫ్రెయిడ్ ఆఫ్’, ‘వెయిట్ ఫర్’ అని జంటగా ఒక చిన్న వాక్యంలో రాసుకోండి. విద్యార్థుల కోసం తయారైన ఇంగ్లీషు నిఘంటువుల్లో ప్రతి మాట కింద దాని జంట ఏదో ఉదాహరణలతో సహా చూపిస్తారు. నిఘంటువు తెరిచినప్పుడు అర్థం దగ్గర ఆగిపోకుండా ఆ ఉదాహరణలు కూడా చదవండి.

ప్రశ్న: మాది మిర్చి వ్యాపారం. బయటి రాష్ట్రాల కొనుగోలుదారులకు ఇంగ్లీషులో మెయిల్ పంపాలి. ‘సోమవారం లోగా సొమ్ము పంపండి’ అనడానికి ‘వితిన్ మండే’ అని రాస్తున్నాను. సరేనా?
– ఒక వ్యాపారి, గుంటూరు

జవాబు: సరికాదు. ‘వితిన్’ పక్కన ‘మూడు రోజులు’, ‘రెండు గంటలు’ వంటి కాల పరిమాణం ఉండాలి. గడువు రోజును చెప్పడానికి ‘బై మండే’ అని రాయండి, దానిలో సోమవారం కూడా కలిసి ఉంటుంది. ‘బిఫోర్ మండే’ అంటే ఆదివారంతోనే గడువు ముగిసిపోతుంది. ‘అంటిల్ మండే’ అంటే సోమవారం వరకు ఒక పని సాగుతూ ఉంటుందని అర్థం కనుక, ‘సరుకు సోమవారం వరకు గోదాములో ఉంటుంది’ వంటి వాక్యాలకు అది తగినది. డబ్బు వ్యవహారాల్లో ఈ మూడింటినీ తారుమారు చేయడం మంచిది కాదు. మీ ఉత్తరంలో ‘సిన్స్ ట్వంటీ ఇయర్స్’ అనే మాట కూడా ఉంది. ‘ఇరవై ఏళ్ల నుంచి’ అన్న తెలుగును బట్టి వచ్చిన తప్పు అది. వ్యవధికి ‘ఫర్’ రావాలి. వ్యాపారం ప్రారంభమైన సంవత్సరాన్ని చెబితే అప్పుడు ‘సిన్స్ 2005’ అనవచ్చు.

ప్రశ్న: ‘ఎట్ విజయవాడ’ అనాలా, ‘ఇన్ విజయవాడ’ అనాలా? బస్సులో కూర్చున్నవాడు ‘ఆన్ ద బస్’ ఎలా అవుతాడు?
– ఒక పాఠకుడు, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: ఊరిని మనం ఎలా చూస్తున్నామన్న దానిని బట్టి మాట మారుతుంది. మీరు కాపురం ఉండే ఊరు నాలుగు వైపులా విస్తరించిన చోటు కనుక ‘ఐ లివ్ ఇన్ విజయవాడ’ అనాలి. చెన్నై నుంచి ఢిల్లీ వెళ్లే రైలుకు అదే ఊరు దారిలో ఒక బిందువు మాత్రమే కనుక ‘ద ట్రైన్ స్టాప్స్ ఎట్ విజయవాడ’ అంటారు. తెలుగులో రెండు చోట్లా ‘విజయవాడలో’ అనే అంటాము. ఇంతటితో అయిపోలేదు: మన ఊరు నది ఒడ్డున ఉంది కాబట్టి ‘విజయవాడ ఈజ్ ఆన్ ద కృష్ణా’ అనడం కూడా పూర్తిగా సరైనదే, అందులో ఊరు నీటి మీద తేలుతున్నదన్న అర్థమేమీ లేదు. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు అడ్డంగా ఉన్నది కనుక దానికి ‘అక్రాస్ ద కృష్ణా’ తగిన మాట.

వాహనాల విషయంలో లేచి నిలబడి అటూ ఇటూ నడవగలిగిన బస్సు, రైలు, విమానం, ఓడలకు ‘ఆన్’ వాడతారు; ఒదిగి కూర్చోవలసిన కారుకూ ఆటోకూ ‘ఇన్’ వాడతారు. సైకిలుకూ మోటారు సైకిలుకూ ‘ఆన్’ ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. ‘ఇన్ ద బస్’ అన్నంత మాత్రాన అది ఘోరమైన తప్పు కాదు. వీధి పేరు వచ్చినప్పుడు బ్రిటన్‌లో ‘ఇన్’ ఎక్కువ, అమెరికాలో ‘ఆన్’ ఎక్కువ కనుక, బీసెంట్ రోడ్డులోని దుకాణం విషయంలో మీరు ఎవరినైనా అనుసరించవచ్చు.

ప్రశ్న: వాక్యం చివర ప్రిపొజిషన్ రాకూడదంటారు. నిజమేనా?
– ఒక ఉపాధ్యాయురాలు, తెనాలి

జవాబు: ఆ అభ్యంతరాన్ని 1672లో ఆంగ్ల కవి జాన్ డ్రైడెన్, తనకు ముందు తరం నాటకకర్త బెన్ జాన్సన్ రచనను విమర్శిస్తూ లేవనెత్తాడు. తరువాతి కాలపు పాఠశాల వ్యాకరణాలు దానిని పట్టుకున్నాయి. వాడుకలో ‘హూ ఆర్ యూ వెయిటింగ్ ఫర్?’ అన్నదే సహజం. మీ పిల్లల జవాబు పత్రాల్లో అటువంటి వాక్యాలకు మార్కులు కోయకండి. ‘వేర్ ఆర్ యూ గోయింగ్ టు?’ అని రాస్తే మాత్రం, ఆ ‘టు’ లేకపోయినా వాక్యం నిలుస్తుందని చెప్పండి.