తొలి స్క్రిప్టు, చిన్న సినిమా

ప్రశ్న: గాజువాకలో ఉద్యోగం చేస్తూ రాసుకున్న నా స్క్రిప్టును మిత్రులు స్వతంత్ర చిత్రంగా తీస్తామంటున్నారు. నోటిమాట మీద ఇచ్చేయవచ్చా? భీమిలి తీరంలో రాత్రి వాన సన్నివేశం ఖర్చెక్కువంటున్నారు.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఇవ్వకండి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, రిజిస్టర్ చేయించకపోయినా, రాసిన నాటి నుంచే హక్కు మీది. దాన్ని బదిలీ చేయాలంటే మీ సంతకంతో రాతపత్రం ఉండాలని, అందులో గడువు చెప్పకపోతే 5 ఏళ్లుగానే భావించాలని 19వ సెక్షన్ చెబుతోంది కనుక గడువు, పారితోషికం, టైటిల్స్‌లో మీ పేరు స్పష్టంగా రాయించుకోండి. మొహమాటపడితే ముందు చెడేది ఆ స్నేహమే. ఇక ఖర్చు మాటకొస్తే, 2018లో విడుదలైన ‘కేరాఫ్ కంచరపాలెం’ మీ ఊళ్లోనే, ఎక్కువగా స్థానికులతో తీసిన చిత్రం. ఆ వాన సన్నివేశాన్ని వాన లేకుండా, పగటిపూట ఒక ఇంటి అరుగు మీదికి మార్చి రాసి చూడండి. నీళ్ల ట్యాంకరు, జనరేటరు, లైట్ల అద్దె మూడూ తప్పుతాయి.