కూలీనాలీ చేసుకునేవాళ్లు నిజంగానే పన్ను కట్టరా?

కడతారు, ఆదాయపు పన్ను పడేంత సంపాదన లేకపోయినా, రోజూ కొనే చాలా వస్తువుల ధరలో వాళ్లు పన్ను కడుతూనే ఉంటారు.

సంపాదన మీద నేరుగా వేసే పన్ను ఒకటి, ధరలో కలిపేసి వసూలు చేసేది ఇంకొకటి. 2017 జూలై 1న వచ్చిన జీఎస్టీ (వస్తు సేవల పన్ను) ఈ రెండో రకం. కొనేవాళ్ల జీతం ఎంతని అది అడగదు.

తిరుపతి బస్టాండు నుంచి అలిపిరికి భక్తులను తిప్పే ఆటో డ్రైవర్‌నే తీసుకోండి. 299 రూపాయల ఫోన్ రీఛార్జిలో 18 శాతం జీఎస్టీ కింద సుమారు 45 రూపాయలు పోతాయి. ఆటో ఎక్కిన డాక్టరుగారికీ అంతే. నెలకు 15 వేలు వచ్చే ఇంట్లో ఆ 45 బరువే వేరు. ఆటోలో పోసే పెట్రోలు, డీజిల్‌కు జీఎస్టీ లేదు గానీ, కేంద్రం ఎక్సైజ్ సుంకం, రాష్ట్రం వ్యాట్ రెండూ ఉన్నాయి.

బియ్యం సంగతి ఇంకా విచిత్రం. లేబుల్ వేసిన ప్యాకెట్ 25 కిలోల వరకు ఉంటే 5 శాతం పన్ను, దాటితే లేదు. కొట్లలో 26 కిలోల బస్తాలు కనిపించేది అందుకే! బస్తా ఒకేసారి కొనగలిగినవాళ్లకు పన్ను తప్పుతుంది, ఐదు కిలోల ప్యాకెట్ కొనేవాళ్లకు తప్పదు. విడిగా తూచి ఇచ్చే బియ్యానికి మాత్రం పన్ను లేదు.

"మా పన్నులతో వాళ్లకు పప్పుబెల్లాలు పంచుతున్నారు" అనే మాట, పన్నంటే ఆదాయపు పన్ను ఒక్కటే అనుకోవడం వల్ల వచ్చింది. 2025-26 నుంచి ఆదాయపు పన్ను కొత్త విధానంలో ఏడాదికి 12 లక్షల జీతం వరకు రిబేటు (పన్నులో తగ్గింపు) వల్ల ఆ పన్ను కూడా పడదు. అంటే ఆ మాట అనే ఉద్యోగుల్లో కొందరు సైతం ఇప్పుడు ఆదాయపు పన్ను కట్టనివాళ్లే.